కొమ్ము దువ్వెనతో పాటు పంపుతున్న ఉత్తరం

పర్లాకిమిడి,
ఆదివారం.

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న రాత్రి నీవు ఫోనులో ఏడుపు ఆపుకుంటూ చెప్పిన మాటలు ఇంకా నా చెవిలోనే ఉన్నాయి. తలస్నానం చేశాక దువ్వెన సగంలో ఆగిపోయిందనీ, బలంగా లాగితే గుప్పెడు జుట్టు చేతికి వచ్చిందనీ, ఈ నెలాఖరుకు మెడ దాకా కత్తిరించేసుకుంటాననీ అన్నావు. పొట్టి జుట్టు బాగుంటుందని కత్తిరించుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. చిక్కు తీసుకోవడం చేతగాక కత్తిరించుకుంటానంటే మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు, ఎందుకంటే ఆ పని నీకు నేర్పకుండా హాస్టలుకు పంపినవాణ్ణి నేనే.

మీ అమ్మ గుణుపురంలో ఉద్యోగం చేసిన మూడేళ్ళూ నీ జడ నా చేతిలోనే ఉండేది. మొదటి నెలలో నేను చేసిన నిర్వాకం నీకు గుర్తుందో లేదో. బడికి వేళైపోతోందన్న తొందరలో, పొడిగా ఉన్న జుట్టును నడినెత్తి నుంచి కిందికి ఒకే ఊపున దువ్వేవాణ్ణి. పైనున్న చిన్న చిన్న చిక్కులన్నీ జారివచ్చి మెడ దగ్గర ఒక ఉండగా బిగుసుకునేవి. ఆ ఉండను దువ్వెనతో నెట్టబోతే నీవు కెవ్వుమనేదానివి, నేల మీద అంగుళం, రెండంగుళాల తుంపులు రాలేవి. ఒకరోజు నీ ఏడుపు విని పక్కింటి ఒడియా మావుసి (అంటే పిన్ని) వచ్చి, నా చేతిలోని పానియా లాక్కుని (దువ్వెనను వాళ్ళు అలాగే అంటారు), జుట్టును కొసల దగ్గర పట్టుకుని, నాలుగేసి వేళ్ళ మేర విడదీసుకుంటూ కింది నుంచి పైకి వెళ్ళింది. అసలు విద్య ఆవిడ ఆ పూట చూపించినదే; తక్కినది నేను తరువాత చదివి తెలుసుకున్నాను.

తడి జుట్టు దువ్వకూడదని మీ నాయనమ్మ అనే మాట నీకు బాగా ఒంటబట్టింది. ఆవిడ జుట్టుకు అది సరైన మాటే. వెంట్రుక నీటిలో ఉబ్బుతుంది, లోపలి బంధాలు కొన్ని సడలుతాయి, అందుచేత తడిగా ఉన్నప్పుడు అది సాగుతుంది గాని బలం తగ్గుతుంది. నిటారుగా ఉండే జుట్టు కొంత ఆరాక దువ్వుకోవడమే మేలు. నీది మా అమ్మ జుట్టు కాదు, మీ అమ్మ వైపు నుంచి వచ్చిన ఉంగరాల జుట్టు. పొడిగా ఉన్నప్పుడు ప్రతి ఉంగరమూ పక్క ఉంగరంలో దూరి ఉంటుంది. అప్పుడు దువ్వితే వంపు తిరిగిన చోటల్లా తెగుతుంది. మాడు నుంచి ఊరే సహజమైన జిడ్డు నిటారు జుట్టు వెంట కొస దాకా జారినట్టు ఈ మెలికల వెంట జారదు గనుక, నీ కొసలు ఎప్పుడూ ఎండిపోయి గరుకుగానే ఉంటాయి. చర్మవైద్యులు కూడా ఉంగరాల జుట్టును తడిగా ఉండగానే, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో దువ్వమంటారు. అయితే వట్టి తడి చాలదు, వెంట్రుక మీద వెంట్రుక జారడానికి ఏదో ఒక జిగురు ఉండాలి.

ఆ జిగురు కోసమే మన పెరట్లోని మందారాకు నలిపి నీ తలకు పట్టించేవాణ్ణి. హాస్టలులో అది దొరకదు కాబట్టి దుకాణంలో దొరికే కండిషనరు చాలు. మాడుకు కాక, చెవుల దిగువ నుంచి కొసల దాకా ధారాళంగా రాయాలి. రాత్రి నానబెట్టిన మెంతులను రుబ్బి పట్టించినా జారుడుగానే ఉంటుంది గాని, ఆ పిండి పూర్తిగా కడుక్కోవడానికి నీ హాస్టలు బకెట్లు చాలవని నా అనుమానం.

తలస్నానం ముందురోజు రాత్రి కొబ్బరినూనె మానవద్దు. 2003లో ఒక శాస్త్ర పత్రికలో వచ్చిన పరిశోధనలో కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పోల్చి చూస్తే, వెంట్రుకలోని ప్రొటీన్ నష్టాన్ని బాగా తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటేనని తేలింది. అది పైపైన నిలిచిపోకుండా వెంట్రుక లోపలికి దిగుతుందట. నూనె రాసేటప్పుడే వేళ్ళతో పెద్ద చిక్కులు విడదీసి, వదులుగా జడ వేసుకుని పడుకో. మర్నాడు జుట్టంతా నెత్తి మీదికి కుప్పగా చేర్చి రుద్దితే రాత్రి పడ్డ శ్రమంతా వృథా అవుతుంది. మాడును మాత్రమే వేళ్ళ కొసలతో రుద్ది, నురగను నీళ్ళతో పాటు కిందికి జారనివ్వు.

ఇక అసలు పని. కండిషనరు రాశాక జుట్టును నాలుగు పాయలు చేసి, మూడింటిని క్లిప్పులతో పైకి పెట్టు. నాలుగో పాయను కొసకు నాలుగంగుళాల పైన ఎడమ చేతి పిడికిట్లో గట్టిగా పట్టుకో. అప్పుడు దువ్వెన లాగిన లాగుడు నీ పిడికిలి దగ్గరే ఆగుతుంది, కుదుళ్ళ దాకా పోదు. ముందు కొసలు విడదీసి, అవి ధారలా జారాకనే పిడికిలిని కొంచెం పైకి జరుపు. దువ్వెన ఆగిందంటే అక్కడ చిక్కు ఉందని అది నీకు చెబుతోందన్నమాట. నెట్టకు, బయటికి తీసేయి. ఆ ముడి మీద ఇంకొంచెం జిగురు రాసి, వేళ్ళతో అటూ ఇటూ, అడ్డంగా విప్పు. కిందికి లాగిన కొద్దీ ముడి బిగుస్తుంది, పక్కలకు విడదీస్తే వదులవుతుంది. అప్పటికీ రాకపోతే రెండు చుక్కల నూనె వేసి, దాన్ని అలాగే వదిలి మరో పాయ అందుకో. తిరిగి వచ్చేసరికి సగం పని అయి ఉంటుంది. ఒకే వెంట్రుక తనలో తాను వేసుకున్న ఆవగింజంత ముడి మాత్రం సాధారణంగా విడదు, దాని పైన చిన్న కత్తెరతో తుంచేయవచ్చు. నీ మొత్తం జుట్టుకు నాకు ముప్పావుగంట పట్టేది. సెలవురోజున పెట్టుకో, పరీక్ష ఉన్న ఉదయం పెట్టుకోకు.

చేతికి గుప్పెడు వచ్చిందని భయపడ్డావు. ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. నిటారు జుట్టులో అవి ఎప్పటికప్పుడు రాలిపోతాయి. నీ ఉంగరాల్లో చిక్కుకుని అక్కడే ఉంటాయి, చిక్కుకు కారణం కూడా చాలావరకు అవే. నీవు వారానికి ఒకసారి దువ్వుతున్నావంటే ఏడు రోజులవీ కలిసి 350 నుంచి 700 దాకా ఒక్కసారే చేతికి వస్తాయి. వాటిని వెలుతురులో పట్టి చూడు: ఒక చివర తెల్లని చిన్న బొడిపె ఉంటే కుదురు నుంచి దానంతట అది ఊడినది, బొడిపె లేని పొట్టి తుంపు అయితే నీ దువ్వెన తెంపినది. ఆ తుంపులు తగ్గుతున్నాయా లేదా అన్నదే నీవు చూసుకోవలసినది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుందనుకుంటే, నీ నడుము దాకా ఉన్న జుట్టు కొసలు ఆరేళ్ళ నాటివి, అంటే నీవు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మొలిచినవి. వాటికి కొంచెం ఓపిక చూపించు.

కడిగాక టర్కీ తువ్వాలుతో బరబరా తుడవకుండా, మెత్తని పాత నూలుగుడ్డతో అద్దు. మీ అమ్మ తన చిరిగిన బరంపురం పట్టుచీరతో ఒక దిండు గలీబు కుట్టింది; నూలు గలీబు మీద కంటే దాని మీద జుట్టు తక్కువ రాసుకుంటుంది.

అదే పార్శిలులో మన ఊరి కొమ్ము దువ్వెన కూడా ఉంది. కొమ్మును వేడిచేసి, మెత్తబడ్డాక చదును చేసి, పళ్ళు కోసి నునుపు పెట్టినది కనుక, అచ్చుపోసిన ప్లాస్టిక్ దువ్వెన పళ్ళ మధ్య ఉండే సన్నని అంచు దీనికి ఉండదు. ఆ అంచే వెంట్రుకను గీరుతుంది. ఎక్కువ పళ్ళున్నది తీసుకోమని దుకాణంలో బలవంతపెట్టినా, నేను పళ్ళు దూరంగా ఉన్నదే వెతికి తెచ్చాను. దీన్ని రాత్రి నూనె రాసినప్పుడు మాత్రమే వాడు. కొమ్మూ వెంట్రుకా రెండూ కెరాటిన్ అనే ప్రొటీన్‌తో అయినవే, నీటిలో నానితే ఇదీ ఉబ్బి వంకర తిరుగుతుంది. స్నానాల గదిలోకి ప్లాస్టిక్‌దే తీసుకెళ్ళు, దీన్ని బకెట్లో మాత్రం మరచిపోకు.

వచ్చే ఆదివారం తలస్నానం అయ్యాక, తుంపులు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి ఫోను చెయ్యి.

ఇట్లు,
నాన్న