కారు మెరిసింది, మరి కడిగిన చోటు?

సంపాదకులకు నమస్కారం.

ఎవరి కారు వాళ్లే కడుక్కునే సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్ ఒకటి నేను నడుపుతున్నాను. పొద్దున్నే వెళ్లేసరికి నేలంతా బురద, వాక్యూమ్ గొట్టంలో ఇరుక్కున్న తడి గుడ్డలు, చెత్తడబ్బా పక్కన ఎవరింటివో చెత్త సంచులు. వాటిని తీసేసుకోవచ్చు. నా బాధంతా ఫోమ్ బ్రష్ గురించి, అంటే వచ్చినవాళ్లంతా నురగతో కారు రుద్దడానికి వాడే బ్రష్ గురించి.

చక్రాలకు పట్టిన మట్టిని ముందు నీళ్లతో కొట్టకుండా చాలామంది నేరుగా బ్రష్‌తో రుద్దేస్తారు. ఇసుక కుచ్చుల్లో ఇరుక్కుంటుంది. తర్వాత వచ్చినవాళ్లు అదే బ్రష్ బానెట్ మీద పెడితే పెయింటు నిండా సన్నటి గీతలే. మొన్న ఒకాయన తన కొత్త కారు మీద అలాంటి గీతలు చూపించి నన్ను నిలదీశారు. ఆయన కోపం న్యాయమే. ఆ బ్రష్‌ను అంతకుముందే చూసుకోవాల్సింది నేను.

ఇక కంటికి కనపడని నష్టం నేల కింద ఉంది. కడిగిన నీళ్లు ముందు ఒక గుంతలోకి చేరతాయి. అక్కడ మట్టి అడుక్కి దిగి, నూనె పైకి తేలితే, మధ్యలో ఉన్న నీళ్లు మాత్రమే బయటికి పోవాలి. గుంత బురదతో పూడిపోతే నీళ్లకు తేరుకునే చోటే ఉండదు. నూనె, బ్రేకుల నుంచి రాలిన లోహపు పొడి అన్నీ కలిసి కాలువలోకి పోతాయి. వాడేసిన ఇంజన్ ఆయిల్ తెచ్చి ఇక్కడ పారబోసేవాళ్లను మాత్రం నేను క్షమించలేను. వాళ్లను మళ్లీ లోపలికి రానివ్వను.

మిగతావాళ్ల సంగతి వేరు. కొన్నాళ్లు పక్కన నిలబడి గమనించాను. వేసిన డబ్బుకు ఇంతసేపే నీళ్లు అని టైమర్ ఉంటుంది. అది తిరుగుతున్నంతసేపూ వాళ్లకు టెన్షనే. కారు మీద నురగ పోయేలోపే టైం అయిపోతుంది. నేల కడగాలంటే మళ్లీ డబ్బు వేయాలి. సొంత డబ్బుతో నా నేల ఎవరు కడుగుతారు? అందుకని ప్రతి బేలో, అంటే కారు నిలిపి కడిగే ప్రతి చోటా, టైమర్‌తో పని లేకుండా ఒక మామూలు నీళ్ల పైపు పెట్టించి, ‘నేల కడగడానికి ఉచితం’ అని బొమ్మతో సహా బోర్డు రాయించాను. అందరూ వాడుతున్నారని చెప్పను గానీ, పారతో బురద ఎత్తే పని బాగా తగ్గింది. నాలాంటి యజమానులు కేకలేసే ముందు, కెమెరాలు కొనే ముందు ఈ పైపు పెట్టి చూడాలని కోరుతున్నాను. పారతో బురద ఎత్తే శ్రమ ముందు ఆ నీళ్ల ఖర్చు ఎంత?

కారు కడుక్కోవడానికి వచ్చేవాళ్లకూ ఒక మనవి. బ్రష్ ముట్టుకునే ముందు మట్టిని ప్రెషర్ గన్‌తో పైనుంచి కిందికి కొట్టండి. బ్రష్ కుచ్చుల మీద కూడా ఒకసారి నీళ్లు పట్టండి. మీకంటే ముందు దాంతో ఏం రుద్దారో మీకు తెలియదు.

– ఒక కార్ వాష్ నిర్వాహకుడు