వడ్డీ పుచ్చుకోని మా ఊరివారికి కృతజ్ఞతలు

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో నీటి నిర్మాణాల ఇంజినీరింగు చదువు ముగించుకుని గత నెలలో కోనసీమకు తిరిగివచ్చాను. వీసా కోసం చూపవలసిన సొమ్ము తక్కువపడినప్పుడు నోటు రాయించుకోకుండా సర్దిన మా వీధివారికీ, రాబోయే మూడు దింపుల కాయలకు ముందుగానే డబ్బు ఇచ్చిన కొబ్బరి వర్తకులు బాబాయిగారికీ, లాకుల వద్ద ఉద్యోగం చేసి విరమించిన మావయ్యగారికీ ఈ నాలుగు మాటలు. అసలు తీర్చాను, వడ్డీ మాత్రం ఎవరూ పుచ్చుకోలేదు. "అక్కడ నీకు నచ్చిన చోట్ల సంగతి చెప్పు, అదే వడ్డీ" అన్నారు మావయ్యగారు.

డెల్ఫ్ట్‌లో ఔదె కెర్క్ అనే పాత చర్చి గోపురం దాదాపు రెండు మీటర్లు పక్కకు ఒరిగి ఉంటుంది. కాలువ పూడ్చిన మెత్తటి నేల మీద కట్టడమే అందుకు కారణమంటారు. చెరువు పూడ్చి మేడలు కట్టేవారిని మన దగ్గరా చూస్తున్నాను కనుక నాకది వింతగా తోచలేదు. చిత్రకారుడు వెర్మీర్ సమాధి ఆ చర్చిలోనే ఉంది. ఆయన గీసిన డెల్ఫ్ట్ నగర దృశ్యం హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉన్నది. అందులో సగానికి పైగా ఆకాశమే, దాని కింద నీళ్లు, పడవలు. ఇంటి మీద బెంగ కలిగినప్పుడల్లా అక్కడికి వెళ్లేదాన్ని.

యునెస్కో 1997లో గుర్తించిన కిండర్‌డైక్‌లోని 19 గాలిమరలను అందరూ చూస్తారు, నేనూ చూశాను. అంతకన్నా, అద్దెయింటి యజమానురాలు ఉచితంగా ఇచ్చిన పాత సైకిలు మీద ఎదురుగాలిలో సముద్రం వైపు వెళ్లి, ఉప్పెన వచ్చినప్పుడు ఓడల కాలువను మూసే మాస్‌లాంట్ తలుపులను చూసిన రోజు నాకెక్కువ ఇష్టం. ఒక్కొక్క తలుపు పొడవు 210 మీటర్లు. లాకు తలుపులు తెరిచే చక్రాన్ని చిన్నప్పుడు నా చేత తిప్పించిన మావయ్యగారు పక్కన లేరే అనిపించింది. ఆ ఇల్లాలు తెలుగు చదవలేకపోయినా, ఆమెకూ ఇక్కడే నమస్కరిస్తున్నాను.

అన్నిటికన్నా నా మనసులో నిలిచిన చోటు జీలండ్‌లోని ఔవెర్‌కెర్క్ వరద మ్యూజియం. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఉప్పెన గట్లను తెంచగా ఆ దేశంలో 1,836 మంది మరణించారు. నెలల తరబడి పూడ్చినా మిగిలిపోయిన చివరి గండిని కైసన్లు అనే నాలుగు భారీ కాంక్రీటు పెట్టెలను ముంచి మూశారు. ఇప్పుడు మ్యూజియం ఆ పెట్టెల లోపలే ఉంది. గండి మూసిన తేదీ నవంబరు 6 అని చదివి ఆగిపోయాను. నేను పుట్టకముందు, 1996లో సరిగ్గా అదే తేదీ రాత్రి, తుపాను మన కొబ్బరితోటలను నేలకూల్చిందని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అక్కడి గట్టెక్కి చూస్తే ఒకవైపు నీరు, మరోవైపు నీటిమట్టానికి దిగువన పొలాలు, పశువులు. మన ఏటిగట్టు మీద వరద రోజుల్లో నిలబడిన మనిషికి దాని అర్థం ఎవరూ విడమరచనక్కరలేదు.

మావయ్యగారూ, ఆ కైసన్ గోడ ఫొటోను పెద్దదిగా ముద్రింపించి తెచ్చాను. ఆదివారం మీ అరుగు మీదకు వచ్చి అందజేస్తాను. మిగిలిన వడ్డీ అప్పుడు చెల్లిస్తాను.