ఆక్సిజన్ తిరిగొచ్చినా ప్రోటీన్ ఎందుకు తయారవదంటే

నెల్లూరు

ఒరేయ్ సీనూ,

బాగుండావా? నీ ఉత్తరం అందింది. "మెదడు స్లైసుకి (పల్చటి ముక్కకి) ఆపిన ఆక్సిజన్ తిరిగిచ్చా, ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కూడా లేచింది, ప్రోటీన్ మాత్రం తయారవదేందిరా" అని అడిగావు. తప్పు నీ చేతిలో లేదు, మెదడు చేసే పనే అది.

అల్లూరు వైపు రొయ్యల గుంటలు గుర్తున్నాయి గదా. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రైతు మేత ఆపేస్తాడు. కరెంటు రాగానే చల్లేయడు, రొయ్య తేరుకుందో లేదో చెక్ ట్రే (మేత తింటోందో చూసే పళ్ళెం) చూసుకుంటాడు. నరకణమూ అంతే, కాకపోతే రెండుసార్లు ఆపుతుంది.

మొదటిసారి కర్చు భరించలేక. ప్రోటీన్ గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం చేర్చాలంటే 4 అధికశక్తి ఫాస్ఫేట్ బంధాలు కావాలి: దాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏకి ఎక్కించడానికి రెండు, గొలుసు అల్లే రైబోజోమ్ దగ్గర రెండు. ఆక్సిజన్, గ్లూకోజ్ ఆగితే ఏటీపీ నిమిషాల్లో పడిపోతుంది. కాల్షియం లోపలికొచ్చి, ఫాస్ఫేట్ తగిలించి గొలుసు పొడిగింపుని ఆపే ఎంజైము ఈఈఎఫ్2 కైనేజ్‌ని లేపుతుంది, రైబోజోమ్‌లు గొలుసు మధ్యలోనే నిలబడిపోతాయి. ఇది తొందరగానే సర్దుకుంటుంది.

రెండోదే అసలు తిరకాసు. ఆక్సిజన్ తిరిగొచ్చాక పెర్క్ అనే ఇంకో కైనేజ్, కొత్త గొలుసు మొదలుపెట్టే ఈఐఎఫ్2లోని ఆల్ఫా భాగం (ఈఐఎఫ్2 ఆల్ఫా) మీద 51వ సెరీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అలా తగిలిన ఈఐఎఫ్2 పోయి, తనని మళ్ళీ పనికి సిద్ధం చేసే ఈఐఎఫ్2బీని గట్టిగా పట్టేసుకుంటుంది. ఈఐఎఫ్2బీ కణంలో ఉండేదే తక్కువ, అందుకే కొంత భాగానికి ఫాస్ఫేట్ పడినా చాలు, కొత్త గొలుసులు మొదలే కావు. జ్ఞాపకాల్ని చూసే హిప్పోక్యాంపస్‌లో సీఏ3, డెంటేట్ అనే భాగాలు కొన్ని గంటల్లో తేరుకుంటాయి, సీఏ1 అనే భాగం తేరుకోదు. కిరినో అనే శాస్త్రవేత్త 1982లో జెర్బిల్ ఎలుకలకు మెదడు రక్తం 5 నిమిషాలు ఆపి చూపించింది ఈ సీఏ1నే: మొదటి రోజు బాగానే కనబడి, రెండు నుంచి నాలుగు రోజుల్లో చచ్చిపోతుంది. అందుకే నువ్వు స్లైసు మొత్తం నూరేయొద్దు. సీఏ1ని వేరుగా కోసి పెట్టు, లేకపోతే సీఏ3 లెక్క దాన్ని కప్పేస్తుంది.

ఇంకో మాట, క్యూపీసీఆర్ (ప్రోటీన్ తయారీకి నమూనా అయిన ఎంఆర్‌ఎన్‌ఏని కొలిచే పరీక్ష) చూసి మురిసిపోవద్దు. కణాన్ని కాపాడే హెచ్‌ఎస్‌పీ70 ఎంఆర్‌ఎన్‌ఏ సీఏ1లో బాగా పెరుగుతుంది, ప్రోటీన్ మాత్రం అంత రాదు. ఏటీఎఫ్4 అనే ప్రోటీన్ దీనికి తలకిందులు, మిగతావి ఆగినప్పుడే అది తయారవుతుంది.

ఇక పని సంగతి. స్లైసులు 300 మైక్రాన్లు, కోశాక కనీసం గంట ఆగు. కొయ్యడమే మెదడుకి ఊపిరాడని పని, ఆ దెబ్బకే ఈఐఎఫ్2 ఆల్ఫా ఫాస్ఫేట్ పెరిగుంటుంది. కోసిన వెంటనే ఒక స్లైసు, గంట తర్వాత ఒకటి గడ్డకట్టించి పోల్చు. లేమి ద్రావణంలో (ఆక్సిజన్, గ్లూకోజ్ లేనిదాంట్లో) 10 మిల్లీమోలార్ గ్లూకోజ్ తీసేసి అంతే సుక్రోజ్ వెయ్యి, లేదంటే ఆస్మోలారిటీ (ద్రావణం గాఢత) మారిపోతుంది. 95 శాతం నైట్రోజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ అరగంట ముందే వదులు. ఎక్కువమంది పని చెడేది ఇక్కడే: సిలికాన్ ట్యూబు గోడలోంచి బయటి ఆక్సిజన్ లోపలికి దూరిపోతుంది. టెఫ్లాన్ గానీ స్టీలు గొట్టం గానీ వాడు. ఏసీ రూములో బాత్ (స్లైసులుండే తొట్టి) రెండు మూడు డిగ్రీలు చల్లబడినా దెబ్బ తగ్గిపోతుంది. వేడి కొలిచే మీటరు నీళ్ళలో కాదు, స్లైసు పక్కన పెట్టు.

ప్రోటీన్ తయారీ కొలవడానికి, కొత్త గొలుసులకి అతుక్కునే ప్యూరోమైసిన్ మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాములు, అరగంట. ప్రోటీన్లని సైజుల వారీగా పట్టీలుగా చూపే బ్లాట్‌లో ఒక్క పట్టీ రాదు, లేను నిండా మరకలా వస్తుంది, కంగారుపడొద్దు. ప్యూరోమైసిన్ వెయ్యనిది ఒకటి, సైక్లోహెక్సిమైడ్‌తో ఆపింది ఒకటి పక్కన ఉండాల్సిందే. నూరే ద్రావణంలో సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ మరిచావంటే, ఫాస్ఫేట్ ఊడదీసే ఎంజైములు ఆగవు, ఫాస్ఫేట్ మాయం. ఫాస్ఫేట్ తగిలిన ఈఐఎఫ్2 ఆల్ఫాని మొత్తం ఈఐఎఫ్2 ఆల్ఫాతోనే పోల్చు, ఆక్టిన్‌తో కాదు.

చివరికి ఆపింది ఇదేనా అని అనుమానముంటే 200 నానోమోలార్ ఇస్రిబ్ అనే మందు వేసి చూడు. ప్యూరోమైసిన్ మరక తిరిగొస్తే అడ్డం ఈఐఎఫ్2 దగ్గరే. ఫాస్ఫేట్ మాత్రం అలాగే ఉంటుంది. ఇస్రిబ్ దాన్ని తియ్యదు, ఈఐఎఫ్2బీని నిలబెడుతుందంతే.

జవాబులో ముందు నీ ట్యూబు ఏ రకమో రాయి.

నీ
రమణ