ఆదివారం క్యారమ్స్: ముందే చూసుకోవాల్సినవి

అందరికీ నమస్కారం. తిరుపతిలో అక్టోబరు, నవంబరు వానలకు ప్లైవుడ్ తేమ పీల్చి బోర్డు వంగుతుంది. గోడకు ఆనించి పెట్టిన బోర్డైతే మరీను. అందుకే ముందు రసమట్టం పెట్టి చూడండి. పల్లంగా ఉన్న కాలి కింద అట్టముక్క మడిచి పెడితే చాలు.

పొడిగుడ్డతో తుడిచి, బోరిక్ పౌడర్ చిటికెడే చల్లండి. ముఖానికి రాసుకునే పౌడర్ వద్దు, తేమకు అంటుకుని కాయిన్ మధ్యలోనే ఆగిపోతుంది. బోరిక్ పౌడర్ నోట్లోకి పోకూడదు. ఆట అవ్వగానే పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.

కాయిన్లు 19: తెలుపు 9, నలుపు 9, నడుమ రెడ్. రెడ్ చుట్టూ 6, వాటి చుట్టూ 12, రంగులు మార్చిమార్చి. తెల్లవి మూడు వైపులా వరుసగా రావాలి. సందు మిగిలితే బ్రేక్ (మొదటి దెబ్బ)కు కాయిన్లు సరిగా చెదరవు, కాబట్టి అరచేతులతో దగ్గరికి నొక్కండి. స్ట్రైకర్ (కాయిన్లను కొట్టే పెద్ద బిళ్ల) 15 గ్రాములు మించకూడదు.

ఎక్కువ గొడవలు స్ట్రైకర్ పెట్టే చోటే వస్తాయి. స్ట్రైకర్ మన ముందున్న రెండు గీతలనూ తాకాలి. ఆ గీతల చివరి ఎర్ర గుండ్రాన్ని పూర్తిగా కప్పాలి, లేదా అసలు తాకకూడదు. సగం కప్పితే ఒప్పుకోవద్దు, పెద్దవాళ్లకైనా అంతే.

రెడ్ పాకెట్లో వేశాక వెంటనే ఫాలో (మన రంగు కాయిన్ ఒకటి) పడకపోతే రెడ్ మళ్లీ నడుమకే. స్ట్రైకర్ పాకెట్లో పడితే ఒక కాయిన్ ఫైన్, అంటే వేసిన కాయిన్ ఒకటి తిరిగి బోర్డు మీద పెట్టాలి. జంటలుగా ఆడితే జోడీలు ఎదురెదురుగా కూర్చోవాలి.

చిన్నపిల్లలు వేలికి దెబ్బ తగులుతుందని భయపడతారు. గోరు స్ట్రైకర్‌కు ఆనించి తోయమనండి, దూరం నుంచి కొట్టనివ్వకండి.