సీజన్ సగంలోనే తీర్పులొద్దు

సంపాదకులకు నమస్కారం.

నార్త్ కరోలినాలో రాలీ, క్యారీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే మన దగ్గర క్రికెట్ అంత పిచ్చి. పిల్లలు ఎన్‌సీ స్టేట్‌లో (రాలీలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ) చదివినందుకు మాలాంటి వాళ్లకూ ఆ ఎర్రచొక్కాల జట్టు సొంతమైపోయింది. ఈ జనవరిలో ఆ జట్టు ఓడిన ప్రతి రాత్రీ మన వాట్సాప్ గ్రూపుల్లో వస్తున్న మెసేజ్‌లు చూసి మనసు కష్టపడి ఈ ఉత్తరం రాస్తున్నాను. కోచ్ దండగట, ఫలానా కుర్రాణ్ని పీకేయాలట. సీజన్ ఇంకా సగమే అయింది!

ఈ జట్టు ఎలా తయారైందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 2024లో ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నమెంట్‌లో చివరి నాలుగు జట్ల దశ) దాకా తీసుకెళ్లిన కోచ్ కెవిన్ కీట్స్‌ను, మరుసటి ఏడాది 12 గెలిచి 19 ఓడేసరికి తీసేశారు. 2025 మార్చిలో విల్ వేడ్ వచ్చి జట్టును దాదాపు మొత్తం కొత్తవాళ్లతో నింపాడు. ఒకప్పుడు కాలేజీ మారిన ఆటగాడు ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఆ నిబంధన సడలించాక ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా, సంతలా నిండిపోయింది. తలో కాలేజీలో తలో పద్ధతి నేర్చుకున్న కుర్రాళ్లు వేసవిలో కలుస్తారు, నవంబర్ మొదట్లోనే మ్యాచ్‌లకు దిగుతారు.

ఐదుగురూ ఒక్కటిగా ఆడటం అంత తేలికా? స్క్రీన్ పెట్టినవాడు (ఎదుటి ఆటగాడికి అడ్డంగా నిలబడి దారి ఇచ్చేవాడు) బాస్కెట్ వైపు దూసుకెళ్తాడో, బయటికి జరిగి త్రీ (దూరం నుంచి మూడు పాయింట్ల షాట్) వేస్తాడో బంతి చేతిలో ఉన్నవాడికి చూడకుండానే తెలియాలి. డిఫెన్స్‌లో ఒకడు తన మనిషిని వదిలి సాయానికి వెళ్తే, వెనక ఖాళీని ఇంకొకడు వెంటనే నింపాలి. అర సెకను ఆలస్యమైందా, మూల నుంచి ఎదుటివాడు తీరిగ్గా త్రీ కొట్టేస్తాడు. మనం టీవీ ముందు కూర్చుని "నిద్రపోతున్నార్రా?" అని అరుస్తాం. పాపం, వాళ్లకు ఇంకా ఒకరి ఆట ఒకరికి పూర్తిగా తెలియదు. అది మ్యాచ్‌లు ఆడుతుంటేనే వస్తుంది.

ఓపిక పట్టమని చెప్పడానికి ఈ కాలేజీ చరిత్రే చాలు. 1983 జనవరిలో వర్జీనియా జట్టుతో ఆడుతుండగా ఎన్‌సీ స్టేట్ ఆటగాడు డెరెక్ విటెన్‌బర్గ్ పాదం ఎముక విరిగింది. జట్టు తడబడింది, రెగ్యులర్ సీజన్‌లో 10 మ్యాచ్‌లు ఓడింది. జిమ్ వల్వానో శిక్షణలోని అదే జట్టు ఏప్రిల్‌లో హ్యూస్టన్‌ను 54-52తో ఓడించి దేశంలో ఛాంపియన్ అయింది. ఆఖరి క్షణంలో విటెన్‌బర్గ్ దూరం నుంచి వేసిన బంతి రింగ్‌కు అందలేదు, సహచరుడు లొరెంజో చార్లెస్ గాల్లోనే పట్టి లోపలికి దించేశాడు. ఆ ఏడాదే పక్కనున్న డర్హమ్‌లో డ్యూక్ యూనివర్సిటీ జట్టు 11 గెలిచి 17 ఓడింది. మూడేళ్లయినా ఫలితం లేదు, ఈ కోచ్‌ను పంపేయండని డబ్బున్న అభిమానులు పట్టుబట్టారు. అక్కడి క్రీడా విభాగం అధిపతి (అథ్లెటిక్ డైరెక్టర్) టామ్ బటర్స్ వినకుండా 1984 జనవరిలో కాంట్రాక్టు పొడిగించారు. ఆ కోచ్ మైక్ షషెవ్‌స్కీ, అందరూ పిలిచే కోచ్ కే. తర్వాత డ్యూక్‌కు ఐదు టైటిళ్లు తెచ్చారు. ప్రత్యర్థి జట్టే అయినా ఒప్పుకోవాల్సిందే.

2024 సంగతి చూడండి. రెగ్యులర్ సీజన్‌లో చివరి నాలుగు మ్యాచ్‌లూ ఓడిన ఎన్‌సీ స్టేట్, తమ కాలేజీల లీగ్ అయిన ఏసీసీ టోర్నమెంట్‌లో ఐదు రోజుల్లో ఐదు గెలిచింది. వర్జీనియాపై సెమీస్ చేజారిపోయిందనుకుంటుండగా మన జట్టు మైకేల్ ఓకానెల్ వేసిన త్రీ బోర్డుకు తగిలి పడింది, మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. 1987 తర్వాత మళ్లీ ఆ టైటిల్ అప్పుడే వచ్చింది.

ప్రతి ఏడూ ఇలాగే జరుగుతుందని నేననను. ఈ జట్టు మార్చిలో జాతీయ టోర్నమెంట్‌కు వెళ్లకపోవచ్చు కూడా. తప్పులు చెప్పడం అభిమాని హక్కే. అయితే ఇప్పుడు చూడాల్సింది స్కోరొక్కటే కాదు: నవంబర్‌తో పోలిస్తే బంతి పోగొట్టుకోవడం తగ్గిందా? సెకండ్ హాఫ్‌లో డిఫెన్స్ నిలబడుతోందా? వెనకబడినప్పుడు ఒకరినొకరు వెతుక్కుంటున్నారా, లేక ఎవరికి వారు షాట్లు వేసేస్తున్నారా? వీటి గురించి ఎంతైనా వాదించుకుందాం.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. ఈ రాష్ట్రంలో 2024 మార్చి 11 నుంచి ఫోన్‌లో పందేలు చట్టబద్ధం. ఫలానా ఆటగాడు ఎన్ని పాయింట్లు చేస్తాడన్న దాని మీద కూడా డబ్బు కాస్తున్నారు. అది పోతే పందొమ్మిదేళ్ల కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్‌లోకి వెళ్లి నోరు పారేసుకుంటున్నారు. పొద్దున్నే క్లాసుకు వెళ్లాల్సిన పిల్లాడు ఆ బూతులు చదువుతాడు. ఆటగాళ్ల మీద విడిగా కాసే ఈ పందేలు ఆపాలని కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ 2024లోనే రాష్ట్రాలను కోరారు, ఒహాయో వంటివి ఆపాయి. మా శాసనసభ కూడా ఆ పని చేయాలి. ఇక్కడ ఓటున్న తెలుగువాళ్లు తమ ప్రతినిధికి ఈ విషయం రాయండి. రాసినవాళ్లు మీ వాట్సాప్ గ్రూపులో కూడా ఆ సంగతి చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
క్యారీ, నార్త్ కరోలినా