మీ సర్వర్ల ఐపీ అడ్రసులు ఎందుకు మారాయి, ఇకపై ఎవరి పేరున ఉంటాయి

మా దగ్గర సర్వర్లు అద్దెకు తీసుకుని ఏళ్ల తరబడి మమ్మల్ని నమ్ముకున్న మీ అందరికీ నమస్కారం. గత నెలలో ఒక తెల్లవారుజామున మొదలై దాదాపు పదకొండు గంటలపాటు మీ సైట్లు తెరుచుకోలేదు, మెయిళ్లు కదలలేదు. ఆ రోజు "నెట్‌వర్క్ అంతరాయం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాం. జరిగింది అంతకంటే పెద్ద విషయం, అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మీ సర్వర్లు ఆగలేదు, డేటా చెక్కుచెదరలేదు. మా చేతిలోంచి పోయినవి ఐపీ అడ్రసులు, అంటే ఇంటర్నెట్‌లో మీ సర్వర్లను చేరుకోవడానికి వాడే నంబర్లు. మీకు కేటాయించిన 256 ఐపీవీ4 (పాత తరం ఐపీ) అడ్రసుల బ్లాకు మాది కాదు. నాలుగేళ్ల కిందట ఒక మధ్యవర్తి సంస్థ దగ్గర అద్దెకు తీసుకున్నది. ఏ అడ్రసులు ఎవరివో నమోదు చేసే రిజిస్ట్రీ రికార్డులో అది మరో సంస్థ పేరున ఉంది. ఒప్పందం రాసుకున్న రోజే ఆ రికార్డు తెరిచి చూశాను, పేరు వేరుగా ఉందేమిటని అడిగాను కూడా. "అది కాగితాల మీది పేరే, బ్లాకును నడిపేది మేమే" అన్నారు. నమ్మాను. తర్వాత వాళ్లిద్దరి మధ్య చెల్లింపుల గొడవ వచ్చింది. అసలు హక్కుదారు రిజిస్ట్రీ పోర్టల్లో, ఆ బ్లాకును ప్రకటించే (ఈ అడ్రసులకు దారి మా దగ్గరుందని మిగతా నెట్‌వర్కులకు చెప్పే) అధికారాన్ని మా నెట్‌వర్క్ నంబరు నుంచి తొలగించి వేరొక నెట్‌వర్కుకు ఇచ్చారు. డిజిటల్ సంతకంతో ఉండే ఈ అధికార పత్రాన్ని సరిచూసుకునే పెద్ద నెట్‌వర్కులన్నీ మా ప్రకటనను తోసిపుచ్చాయి. నా తెరమీద మా బ్లాకు పక్కన "ఇన్‌వాలిడ్" అన్న మాట ఎర్రగా కనిపించిన క్షణం నుంచి మధ్యవర్తికి పదిహేడు సార్లు ఫోన్ చేశాను. ఒప్పందంలో ముందస్తు నోటీసు షరతు లేదని, ఆ నెల అద్దె తిరిగి ఇస్తామని సాయంత్రానికి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయని నాకు ఆ రెండు వాక్యాలు ఇప్పటికీ మింగుడుపడలేదు.

రిజిస్ట్రీనే నేరుగా అడ్రసులు అడగవచ్చు కదా అని మీలో కొందరు రాశారు. ఐపీవీ4 అడ్రసు 32 బిట్లది కాబట్టి ప్రపంచం మొత్తానికి ఉన్నవి సుమారు 429 కోట్లే. ప్రపంచపు ఉమ్మడి నిల్వను చూసే ఐయానా సంస్థ 2011 ఫిబ్రవరి 3న మిగిలిన చివరి ఐదు పెద్ద బ్లాకులను ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు తలా ఒకటి పంచేసింది. వాటిలో ఆసియా-పసిఫిక్ ప్రాంతపు ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్‌లో, ఒక్కొక్కరికి కొద్దిగానే ఇచ్చే పొదుపు నిబంధనల్లోకి వెళ్లింది. ఉత్తర అమెరికాలోని ఆరిన్ నిల్వ 2015 సెప్టెంబరులో, యూరప్‌లోని రైప్ ఎన్‌సీసీ నిల్వ 2019 నవంబరులో అయిపోయాయి. ఎవరైనా తిరిగి అప్పగించినవో, రద్దయి వెనక్కి వచ్చినవో ఉంటే కొన్ని రిజిస్ట్రీలు వెయిటింగ్ లిస్టు ప్రకారం ఇస్తాయి. అలాంటి లిస్టును నమ్ముకుని మీకు మాట ఇవ్వలేను.

ఆ ఉదయం మా ప్రాంతీయ రిజిస్ట్రీకీ మొరపెట్టుకున్నాను. ప్రైవేటు అద్దె ఒప్పందంలో జోక్యం చేసుకోలేమని, రికార్డులో పేరున్న సంస్థ మాటే తమకు ప్రమాణమని చెప్పారు. అప్పుడు చాలా కోపం వచ్చింది. కానీ పంచడానికి పెద్దగా ఏమీ మిగలనప్పుడు రిజిస్ట్రీ చేయగల అతి ముఖ్యమైన పని, ఏ అడ్రసు ఎవరిదో ఒక్కటే లెక్క తప్పులేకుండా రాసి ఉంచడం. నాలాంటివాడు ఏడ్చినందుకు ఆ లెక్క మార్చేస్తే, రేపు నా పేరున ఉన్న బ్లాకుకు రక్షణ ఏముంటుంది?

తర్వాతి మూడు వారాలు నాకు సరిగా నిద్ర లేదు. మాకు ఇంటర్నెట్ అందించే పై నెట్‌వర్క్ సంస్థ అప్పుగా ఇచ్చిన అడ్రసులతో మిమ్మల్ని నడిపిస్తూ, ముందున్న దారులు ఆలోచించాను. మళ్లీ అద్దెకు తీసుకోవడం చవకే, కానీ మనసు ఒప్పలేదు. ఒకే అడ్రసును పదిమందికి పంచడం వెబ్‌సైట్ల వరకు కుదురుతుంది. మెయిల్ సర్వర్లకు కుదరదు, ఒకరు స్పామ్ పంపితే ఆ మచ్చ మిగతా తొమ్మిదిమందికీ అంటుకుంటుంది. కొత్త తరం ఐపీవీ6 అడ్రసులు మీకు ఇప్పటికే ఇచ్చాం, వాటికి కొరత లేదు; అయితే మీ సైట్లకు వచ్చేవారందరికీ ఐపీవీ6 ఇంకా అందలేదు. చివరికి కొత్త యంత్రాల కోసం దాచుకున్న సొమ్ము మొత్తం పెట్టి 256 ఐపీవీ4 అడ్రసుల బ్లాకును బదిలీ పద్ధతిలో, అంటే పాత హక్కుదారు పేరు నుంచి రిజిస్ట్రీలో మా పేరుకు మార్పించుకుని, కొన్నాను. యంత్రాలు మరో ఏడాది పాతవే ఉంటాయి. ఇది తొందరపాటని మా లెక్కలు చూసేవారు అన్నారు, నేను వినలేదు.

బదిలీకి ముందు అమ్మేవారే నిజమైన హక్కుదారులా, ఆ బ్లాకు మీద వివాదమేదైనా ఉందా అని రిజిస్ట్రీ పరిశీలించింది. మా అవసరాన్ని కూడా లెక్కలతో చూపించమంది. ఎన్ని పత్రాలు అడిగినా విసుక్కోకుండా ఇచ్చాను. ఇప్పుడు హూయిజ్‌లో (ఏ అడ్రసు ఎవరిదో ఎవరైనా చూసుకోగల రిజిస్ట్రీ రికార్డులో) వెతికితే ఆ బ్లాకు పక్కన మా సంస్థ పేరే వస్తుంది. దయచేసి మీరే చూసుకోండి. రివర్స్ డీఎన్ఎస్ (అడ్రసును బట్టి సర్వరు పేరు చెప్పే నమోదు) మార్పు కోసం ఇకమీదట ఎవరినీ బతిమాలే పని లేదు, అడిగిన రోజే చేస్తాం. నెలవారీ ధర పెంచడం లేదు.

మీ కొత్త అడ్రసు విడిగా పంపుతున్నాం. మీ సైటు పేరును అడ్రసుతో కలిపే డీఎన్ఎస్ రికార్డులు మార్చుకున్నాక, మీ ఫైర్‌వాల్‌లలోనూ మీ భాగస్వాముల అనుమతి జాబితాలలోనూ అద్దె బ్లాకు నాటి పాత అడ్రసు ఉంటే తప్పకుండా తీసివేయించండి. ఆ అడ్రసు ఇప్పుడు వేరొకరి చేతిలో ఉంది, మీ తలుపులు వారికి తెరిచి ఉండకూడదు.