రెఫరీ యూనిఫామ్ ఆర్డర్లు ఇచ్చేవారికి

నమస్కారం అండీ. బెంగళూరులో, చుట్టుపక్కల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు రెఫరీలుగా, టేబుల్ అఫీషియల్స్‌గా (టేబుల్ దగ్గర కూర్చుని స్కోరు, టైమ్ చూసేవాళ్లు) వెళ్లే మా కస్టమర్లకు ఈ కబురు. ఇకమీదట చారల షర్టు కావాలని ఎవరడిగినా, గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు ఒక మాట అడుగుతాం: మ్యాచ్ ఏ రూల్స్ మీద? దయచేసి విసుక్కోవద్దు.

నలుపు తెలుపు నిలువు చారలు అమెరికాలో స్కూళ్లు, కాలేజీల మ్యాచ్‌లకు వేసుకునేవి. ఫోన్లలో ఎక్కువగా అవే కనిపిస్తాయి కాబట్టి ఇక్కడి నిర్వాహకులూ అవే అడుగుతున్నారు. అక్కడే ఎన్‌బీఏ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో రెఫరీలది బూడిద రంగు. మన దగ్గర అధికారిక పోటీలు నడిచేది ఫిబా, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, రూల్స్ మీద. వాటి ప్రకారం రెఫరీ షర్టు, నల్లటి ఫుల్ ప్యాంటు, నల్ల సాక్సులు, నల్ల బాస్కెట్‌బాల్ షూస్ ఉండాలి. టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు కూడా అందరూ ఒకే తీరుగా ఉండాలి. 2017లో ఫిబా మహిళల ఆసియా కప్ జరిగిన ఊరు మనది. స్కూలు పిల్లల మ్యాచ్‌లోనూ రెఫరీ అదే పద్ధతిగా కోర్టులోకి రావాలని నా కోరిక. డబ్బులు పెట్టి కుట్టించుకున్న షర్టు పనికిరాదని మ్యాచ్ రోజున తెలిస్తే ఆ టెన్షన్ పడేది మీరే కదా!

ఇంకో మాట. షర్టు ధర 80 రూపాయలు పెంచుతున్నాం. మూడు పాయింట్ల షాట్ పడగానే రెఫరీ రెండు చేతులూ పైకెత్తి చూపించాలి. మామూలు కటింగ్ షర్టయితే చేతులతో పాటు అదీ పైకి లేచి, నడుము దగ్గర టక్ ఊడిపోతుంది. ఆ ఆటంతా మళ్లీ మళ్లీ సర్దుకోవడమే. అందుకని వెనకవైపు పొడవు పెంచి, చంక కింద విడిగా ఒక గుడ్డ ముక్క అతుకుతున్నాం. గుడ్డా ఎక్కువే, కుట్టు పనీ ఎక్కువే. లోపల చెమట పీల్చే గుడ్డే వాడుతున్నాం, అందులో రాజీ లేదు.

ప్యాంటు ట్రయల్‌కు మ్యాచ్ షూస్ వేసుకునే రండి. ఆట మీంచి చూపు తిప్పకుండా వెనక్కి పరిగెత్తేటప్పుడు అంచు మడమ కింద పడితే ప్రమాదం. చెప్పులతో వస్తే ఆ పొడవు సరిగ్గా తేలదు.

ఆడవాళ్లకు మగవాళ్ల స్మాల్ సైజు అంటగట్టడం మా దగ్గర ఉండదు. భుజం, ఛాతీ, నడుము విడివిడిగా కొలిచి కుడతాం. కొలతలు తీసుకునేది మా టైలర్ అక్క. ఆవిడ ఆదివారాలు రారు.

టోర్నమెంట్ల సీజన్‌లో కనీసం పది రోజులు టైమ్ ఇవ్వండి. రేపటికల్లా కావాలంటే ఒప్పుకోలేం, హడావిడిలో కుట్టిన చంక కుట్టు నిలవదు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత ధరే.